కాశీరత్నానికి అసలు చుట్టం

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఒక ఫిబ్రవరి ఆదివారం తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడినవారు వృక్షశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరర్.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? సరే.

నేను తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో 30 ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. పరాగ సంపర్కం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక వరస రాసేదాన్ని. గాలితో జరిగేది, నీటితో జరిగేది, పురుగులతో జరిగేది, పక్షులతో జరిగేది. పక్షుల దగ్గరకు వచ్చేసరికి "ఉదాహరణ: హమ్మింగ్ బర్డ్" అని రాసి ముందుకు వెళ్ళిపోయేదాన్ని. ఆ పిట్టను నేనూ చూడలేదు, నా ముందు కూర్చున్న పిల్లలూ చూడలేదు. చూసే వీలే లేదు. హమ్మింగ్ బర్డ్స్‌లో 360 పైచిలుకు జాతులున్నాయి, అన్నీ అమెరికా ఖండాల్లోనే. అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరి దాకా ఉన్నాయి కానీ, సముద్రం దాటి మన వైపు ఒక్కటీ లేదు.

మా పెరట్లో దడి మీద కాశీరత్నం తీగ ఉండేది. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. దువ్వెన పళ్ళలాంటి సన్నటి ఆకులు, నక్షత్రంలా అయిదు కొసలున్న ఎర్రటి చిన్న పువ్వు. దాని గొట్టం సన్నగా పొడుగ్గా ఉంటుంది. తేనె ఆ గొట్టం అడుగున ఎక్కడో ఉంటుంది. తేనెటీగలు దాని మీద వాలటం నేను పెద్దగా చూసిన గుర్తు లేదు. ఈ గొట్టంలో ముక్కు పెట్టేది ఎవరు, ఈ ఎరుపు ఎవరి కోసం అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. తరవాత చదువుకున్నాక తెలిసింది, ఆ తీగ మనది కాదు, అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చింది. అంటే ఆ పువ్వు తన పుట్టింటి చుట్టం కోసం అలా తయారై, మన దడి మీద ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తోందన్న మాట.

ఆ చుట్టాన్ని నేను మొదటిసారి మా అమ్మాయి ఇంట్లో చూశాను. ఇక్కడికి వచ్చిన కొత్తలో పగళ్ళు ఎలా గడుస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు ఆఫీసులకూ, మనవరాలు బడికీ వెళ్ళిపోయాక ఇల్లంతా నిశ్శబ్దం. వెనక వరండాలో కూర్చుని కొత్తిమీర కాడలు తీస్తున్నాను. చెవి పక్కనే జుయ్‌మని శబ్దం. తుమ్మెదేమో అనుకుని చెయ్యి విసరబోయాను. మూరెడు దూరంలో, నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా, గాల్లో నిలబడి ఒక పిట్ట నన్ను చూస్తోంది. నేను వేసుకున్న ఎర్ర స్వెట్టర్ చూసి వచ్చింది. పువ్వు కాదని రూఢి చేసుకుని, వెనక్కి, అవును, వెనక్కే ఎగిరి, పక్కకు తిరిగి వెళ్ళిపోయింది. చేతిలో కొత్తిమీర అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. మనవాళ్ళు ఇండియాకు ఫోన్ చేసి "మా పెరట్లో తేనెపిట్టలు వస్తున్నాయి" అంటారు. అక్కడివాళ్ళు "మాకూ వస్తాయి" అంటారు. రెండూ ఒకటి కాదు. మన తేనెపిట్టకూ దీనికీ చుట్టరికం లేదు. తేనెపిట్ట కొమ్మ మీదో, పువ్వు తొడిమ మీదో వాలి, మెడ వంచి తాగుతుంది. మందారానికైతే ఒక్కోసారి అడుగున చిల్లు పెట్టి తేనె లాగేస్తుంది. హమ్మింగ్ బర్డ్ వాలకుండా గాల్లో నిలబడి తాగుతుంది. ఒకే పని చేసే రెండు వేరు వేరు వంశాలు ఒకదాన్నొకటి పోలి ఉండటం ప్రకృతిలో మామూలే. నేను దీనికి తెలుగు పేరు పెట్టే ప్రయత్నం చెయ్యను, హమ్మింగ్ బర్డ్ అనే అంటాను.

మన శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఏడాది పొడుగునా ఉండేది అన్నాస్ హమ్మింగ్ బర్డ్. అన్నా అనేది ఒక ఫ్రెంచి ప్రభువు భార్య పేరు. మగదానికి తలా గొంతూ గులాబీ ఎరుపులో మెరుస్తాయి. ఆ ఎరుపు ఈకలో ఉన్న రంగు కాదు. ఈకలోని సన్నని పొరల మీద వెలుగు పడి వచ్చే మెరుపు. అందుకే పిట్ట తల ఇటు తిప్పితే నిప్పు కణికలా ఉంటుంది, అటు తిప్పితే మసిగుడ్డలా నల్లగా కనపడుతుంది. పిట్టల కోసం పంచదార నీళ్ళు పోసి వేలాడదీసే సీసా ఉంటుంది కదా, ఆ ఫీడర్ దగ్గర కూర్చుని చూస్తే ఒక్క నిమిషంలో పది సార్లు కనపడుతుంది ఈ మార్పు.

ఇప్పుడు అసలు విషయం. ఈ పిట్ట బరువు 4, 5 గ్రాములు. మీ పర్సులో నికెల్ ఉంటే తీసి అరచేతిలో పెట్టుకోండి. అయిదు సెంట్ల బిళ్ళ. అది సరిగ్గా 5 గ్రాములు. ఆ బిళ్ళంత బరువున్న ప్రాణి సెకనుకు 40 సార్లకు పైగా రెక్కలు కొట్టాలి. మామూలు పక్షులకు రెక్క కిందికి కొట్టినప్పుడే బలం వస్తుంది. దీనికి రెక్క పైకి తిప్పేటప్పుడు కూడా వస్తుంది, బరువులో నాలుగో వంతు దాకా ఆ పై దెబ్బ మోస్తుందని 2005లో లెక్క కట్టారు. గాల్లో అలా నిలబడటానికి గుండె నిమిషానికి వెయ్యి సార్లకు పైగా కొట్టుకోవాలి. అంత కొట్టుకునే గుండెకు ఎంత ఇంధనం కావాలో ఆలోచించండి. రోజుకు తన బరువును మించిన తేనె తాగాలి. ఒక్కో పువ్వులో దొరికేది సూది మొన మీద నిలిచేంత చుక్క. అలాంటివి రోజుకు వెయ్యి పైచిలుకు తిరగాలి.

అంటే ఈ పిట్ట ఎప్పుడూ ఆకలి అంచున బతుకుతుంది. కొన్ని గంటలు తిండి లేకపోతే ప్రాణం పోయే స్థితి. మీ ఫీడర్ దగ్గర అది చేసే ప్రతి పనీ, కొట్లాట కానివ్వండి, జ్ఞాపకం కానివ్వండి, చివరికి నిద్ర కానివ్వండి, ఈ ఒక్క సంగతి పట్టుకుంటే అర్థమవుతుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదే.

నిద్ర గురించి చెబుతాను, ఎందుకంటే ఆ విషయంలో నేను దాదాపు ఒక ప్రాణం తీసేదాన్ని.

మొదటి శీతాకాలం. జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున కాఫీ పెట్టుకుని తలుపు తీశాను. గడ్డి మీద తెల్లగా మంచు. ఫీడర్ కడ్డీ మీద పిట్ట కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని దూది ఉండలా ఉంది, ముక్కు పైకి ఎత్తి ఉంది, కళ్ళు మూతలు పడి ఉన్నాయి. దగ్గరకు వెళ్ళినా కదల్లేదు. ఊపిరి తీస్తున్న జాడ లేదు. చచ్చిపోతోందని నాకు టెన్షన్ పట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళి హీటర్ దగ్గర పెడదామని చెయ్యి చాపాను. దడి అవతల నుంచి పక్కింటావిడ, ఎనభై ఏళ్ళావిడ, "వద్దు, ముట్టుకోకు, నిద్రపోతోంది" అని గట్టిగా అంది.

అది మామూలు నిద్ర కాదు, టార్పర్ అంటారు. మనం మొద్దునిద్ర అనుకుందాం. రాత్రంతా తిండి లేదు, బయట చలి. గుండె పగటిలాగే కొట్టుకుంటే తెల్లారేలోపు ఒంట్లో ఉన్న కొవ్వంతా కరిగిపోతుంది. అందుకని పొయ్యి తగ్గించి నిప్పు మీద నివురు కప్పినట్టు, పిట్ట తన ఒంటి వేడిని దించేస్తుంది. పగలు 40 డిగ్రీల సెల్సియస్ ఉండే ఒళ్ళు చల్లబడిపోతుంది, గుండె నిమిషానికి 50 దాకా తగ్గుతుంది. పెరూ ఆండీస్ కొండల్లో ఒక జాతి పిట్టకు రాత్రి ఒంటి వేడి 3 డిగ్రీల చిల్లరకు పడిపోయిందని 2020లో ప్రకటించారు. ఫ్రిజ్‌లో పాల గిన్నె ఉండే చలి అది. తెల్లారగట్ల మళ్ళీ ఒంటిని వణికించుకుని, కండరాల్లో వేడి పుట్టించుకుని లేస్తుంది.

ఆ రోజు పక్కింటావిడా నేనూ దడికి ఇటూ అటూ నిలబడి చూశాం. ముందు తోక సన్నగా వణికింది. తరవాత రెక్కలు. ఒక అరగంట పట్టింది. కళ్ళు తెరిచింది, ఒళ్ళు విదిల్చుకుంది, కూర్చున్న చోటు నుంచే ముక్కు ఫీడర్‌లో పెట్టి చాలాసేపు తాగింది. నా కాఫీ చల్లారిపోయింది. మీ ఇంట్లో పిల్లలు పొద్దున్నే ఇలాంటి పిట్టను చూసి, ఒక్కోసారి తలకిందులుగా వేలాడుతున్నదాన్ని కూడా చూసి, పెట్టెలో పెట్టి తీసుకొస్తామంటారు. ముట్టుకోనివ్వకండి. ఎండ రానివ్వండి.

ఇక కొట్లాట. "మా ఫీడర్ దగ్గర ఒక రౌడీ ఉన్నాడండీ, ఎవర్నీ రానివ్వడు" అని చాలామంది చెబుతారు. మా ఇంట్లోనూ ఉన్నాడు. నిమ్మచెట్టు పై కొమ్మ చివర, ఆకుల్లేని ఒక పుల్ల ఉంది. అక్కడే కూర్చుంటాడు. తాగేది తక్కువ, కాపలా ఎక్కువ. ఆడపిట్ట ఎటు నుంచి వచ్చినా టిక్ టిక్‌మని అరుస్తూ బాణంలా దూసుకొస్తాడు. రెండూ దడి దాటి మాయమవుతాయి. మళ్ళీ పుల్ల మీదికి. దీన్ని పొగరని, దుర్మార్గమని అనటం నాకు నచ్చదు. మన ఊళ్ళో ఎండాకాలం బోరింగ్ దగ్గర బిందెల వరసలో ఎవరైనా ముందుకు దూరితే ఊరుకున్నామా? నీళ్ళు తక్కువైన చోట వరస కోసం గొంతు లేస్తుంది. ఈ పిట్ట లక్షల ఏళ్ళుగా చుక్క చుక్కగా ఊరే పూల మధ్య బతికింది. ఒక పొద మొత్తాన్ని కాపాడుకున్న పిట్టకు సాయంత్రానికి కడుపు నిండింది, కాపాడుకోనిది మాడింది. ఫీడర్ ఎంతకీ ఎండని పువ్వు అని దానికి తెలియదు. దాని ఒంట్లో ఉన్న లెక్క పాత లెక్క.

మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఒక్క పెద్ద ఫీడర్ బదులు రెండు చిన్నవి, ఇంటికి ముందొకటీ వెనకొకటీ పెట్టండి. ఒక దాని దగ్గర కూర్చుంటే ఇంకొకటి కనపడకూడదు. ఒక్కడు రెండు చోట్లా కాపలా కాయలేడు. మా ఇంట్లో అలా పెట్టాక ముందువైపు దానికి ఆడపిట్టలూ, ఆ ఏడాది పుట్టిన కుర్ర పిట్టలూ అలవాటు పడ్డాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం రూఫస్ అనే ఇంకో జాతి ఇటుగా వెళుతుంది. ఇటుక రంగులో ఉంటుంది. మెక్సికోలో శీతాకాలం గడిపి అలాస్కా దాకా పోయే పిట్ట. అది దిగిన నాలుగు రోజులు మన రౌడీ కూడా తగ్గి ఉంటాడు.

ఏంటమ్మా? ఆ, ముందు వరసలో ఒకావిడ అడుగుతున్నారు, "అది పైకి వెళ్ళి దబ్బున కిందికి పడి కిచ్‌మంటుంది, అదేమిటి" అని. మంచి ప్రశ్న. ఇది సరిగ్గా ఇప్పుడే, ఈ నెలల్లోనే చూడాలి. మగపిట్ట 30 మీటర్ల ఎత్తుకు, అంటే పది అంతస్తుల మేడంత ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడి నుంచి తలకిందులుగా పడిపోతుంది. ఆడపిట్ట ఎదుటికి వచ్చేసరికి జే అక్షరంలా మలుపు తిరుగుతుంది. ఆ మలుపులో కిచ్‌మని ఒక పెద్ద శబ్దం. అది గొంతు నుంచి వచ్చేది అనే చాలాకాలం అనుకున్నారు. క్రిస్టఫర్ క్లార్క్ అనే ఆయన బర్క్‌లీలో, ఈ పక్కనే, చదువుకునే రోజుల్లో దాన్ని తేల్చాడు. వేగంగా తీసే కెమెరాతో చిత్రించాడు. మలుపులో పిట్ట ఒక్క రెప్పపాటు తోక విప్పుతుంది. తోక చివరి ఈక గాలికి అదిరి ఆ శబ్దం పుడుతుంది. ఆ ఈకలు లేని పిట్టలు దూకినా శబ్దం రాలేదు. 2008లో అచ్చయింది ఆ పని. మరుసటి ఏడాది వేగం కూడా లెక్కవేశాడు. సెకనుకు తన ఒంటి పొడుగుకు 385 రెట్లు. ఆకలి అంచున బతికే పిట్ట ఇంత ఖర్చు పెట్టి దూకుతోందంటే, ఆడపిట్టకు అది చెబుతున్నది అదే: నా దగ్గర ఇంత మిగులు ఉంది, చూడు అని. ఇది నా ఊహ, శాస్త్రం పేరుతో చెప్పటం లేదు.

జ్ఞాపకం సంగతికి వస్తాను. ఇది మీరు ఇవాళే ఇంట్లో చూడొచ్చు. కడగటానికి ఫీడర్ తీసి లోపలికి తెచ్చినప్పుడు కిటికీ దగ్గర నిలబడండి. పిట్ట వస్తుంది. అక్కడ ఫీడర్ లేదు, తాడు కూడా లేదు, ఉత్త గాలి. సరిగ్గా ఆ గాలిలో, ఫీడర్ రంధ్రం ఏ ఎత్తులో ఉండేదో ఆ ఎత్తులో, ముక్కు చాపి నిలబడుతుంది. జానెడు అటు జరిగి చూస్తుంది, ఇటు జరిగి చూస్తుంది. ఒకసారి మా వంటింటి కిటికీ దగ్గరికే వచ్చింది. లోపల సింకు దగ్గర ఎర్రటి ఫీడర్ నా చేతిలో ఉంది. ఇంత కూడా లేదు ఆ బుర్ర, అందులో నా పెరడు బొమ్మ మొత్తం ఉంది.

కెనడాలో రూఫస్ పిట్టల మీద సూజన్ హీలీ, ఆండ్రూ హర్లీ బృందం ఏళ్ళ తరబడి పనిచేసింది. ఎనిమిది కృత్రిమ పూలు పెట్టారు. కొన్ని పది నిమిషాలకు మళ్ళీ నింపేవారు, కొన్ని ఇరవై నిమిషాలకు. పిట్టలు ఏ పువ్వు ఎక్కడుందో, దాన్ని తాము ఎప్పుడు ఖాళీ చేశాయో, అది ఎంతసేపటికి నిండుతుందో మూడూ గుర్తుపెట్టుకుని, పది నిమిషాల పూల దగ్గరకు ముందుగానూ, ఇరవై నిమిషాల వాటి దగ్గరకు ఆలస్యంగానూ వచ్చాయి. ఏ పాల కుర్రాడి పుస్తకంలోనూ ఇంత లెక్క ఉండదు. ఖాళీ పువ్వు దగ్గరకు వృథాగా వెళ్ళిన ప్రతి సారీ దానికి నష్టం కాబట్టి ఈ జ్ఞాపకం.

నాలుక గురించి ఒక్క ముక్క. స్ట్రాతో పీల్చినట్టు పీలుస్తుందని అనుకుంటాం. అలా కాదు. నాలుక చివర రెండుగా చీలి, అంచులకు సన్నటి కుచ్చులుంటాయి. తేనెలో మునగగానే అవి విచ్చుకుంటాయి, బయటికి వచ్చేటప్పుడు ముడుచుకుని తేనెను పట్టేస్తాయి. ఇది 2011లో తేలింది. ఇంకో వింత, పక్షులకు తీపి తెలిసే గ్రాహకం లేదు. వాటి పూర్వీకుల దగ్గరే పోయింది. హమ్మింగ్ బర్డ్‌లో మాంసం రుచి తెలిపే గ్రాహకమే మారి తీపిని పసిగట్టే పని చేస్తోందని 2014లో కనుక్కున్నారు. పోయిన పనిముట్టు బదులు ఇంకో పనిముట్టును అరగదీసి వాడుకోవటం అన్న మాట.

ఇప్పుడు ఫీడర్. తెల్ల పంచదార ఒక కప్పు, నీళ్ళు నాలుగు కప్పులు. కరిగించి, చల్లార్చి పోయండి. ఈ పూల తేనె తీపి ఇంచుమించు ఆ పాళ్ళలోనే ఉంటుంది. ఎర్ర రంగు కలపక్కర్లేదు, ఫీడర్ మీద ఉన్న ఎరుపు చాలు. తేనె పొయ్యకండి, అందులో బూజు త్వరగా పెరుగుతుంది. బెల్లం అసలు వద్దు. ఇది నేను చేసిన తప్పు. పంచదార మంచిది కాదు, బెల్లం మంచిదని మన ఇళ్ళల్లో అందరి నోటా వినే మాటే కదా, పిట్టకు కూడా మంచిదే పెడదామని బెల్లం నీళ్ళు పోశాను. బెల్లంలో ఇనుముంటుంది, మనకు అదే మేలు. పూల తేనెలో ఇనుము ఇంచుమించు ఉండదు. ఈ పిట్ట ఒంటికి ఇనుము ఎక్కువైతే విషమే. రెండు రోజులకు తెలిసి పారబోశాను. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఎండలు ముదిరితే రెండు రోజులకు ఒకసారి, చలికాలంలో నాలుగైదు రోజులకు ఒకసారి మార్చండి. మిగిలిపోయిందని అందులోనే కొత్తది కలపకండి. వేణ్ణీళ్ళు, సీసాలు తోమే బ్రష్. రంధ్రాల లోపల నల్లటి చుక్కలు కనపడితే అది బూజు, వెనిగర్‌లో కాసేపు నానబెట్టి తోమండి. నీళ్ళు మబ్బుగా కనపడ్డాయంటే అప్పటికే ఆలస్యమైంది. నిండా నింపొద్దు, సగం చాలు. నా మాట కొంచెం కటువుగా ఉండొచ్చు, కడిగే ఓపిక లేనివాళ్ళు ఫీడర్ పెట్టకపోవటమే మంచిది. ఒక కుండీలో మొక్క పెట్టుకోండి, దాన్ని కడగక్కర్లేదు. ఫీడర్‌ను కిటికీ అద్దానికి మూడు అడుగుల లోపలైనా పెట్టండి, 30 అడుగుల అవతలైనా పెట్టండి. మధ్య దూరంలో ఉంటే తరుముకుంటూ వచ్చిన పిట్ట అద్దంలో ఆకాశం చూసి గుద్దుకుంటుంది.

"మేం డిసెంబర్‌లో నెల రోజులు ఇండియా వెళతాం, పిట్టలు చచ్చిపోవా" అని చాలామంది అడుగుతారు. చావవు. మీది వాటికి వెయ్యిన్నొకటో పువ్వు మాత్రమే. ఫీడర్ దించి, కడిగి లోపల పెట్టి వెళ్ళండి. సగం నింపి వదిలి వెళ్ళటమే తప్పు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మీ బంధువులకు ఇంకో భయం, ఫీడర్ ఉంటే పిట్ట వలస పోవటం మానేస్తుందేమోనని. మానదు. అక్కడి రూబీ త్రోటెడ్ పిట్టకు పగటి పొడుగు తగ్గటమే సైగ. కొవ్వు పట్టి, బరువు దాదాపు రెట్టింపు చేసుకుని, వాటిలో చాలా పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికోను ఆగకుండా దాటుతాయి, 800 కిలోమీటర్లు. అలాంటి ప్రయాణం ముందు మీ పంచదార నీళ్ళు దారి బత్తెం అవుతాయి.

అయితే ఫీడర్‌లో ఉన్నది పంచదార మాత్రమే. పంచదారతో పిల్లలు పెరగవు. ఇది అందరికీ గట్టిగా చెప్పాలని వచ్చాను. ఈ పిట్ట సన్న దోమల్ని, పళ్ళ ఈగల్ని, చిన్న సాలీళ్ళను పట్టి తింటుంది. గూట్లో పిల్లల నోట్లో పెట్టేది ప్రధానంగా అవే. మనం బెండ మొక్కకు పేనుబంక పట్టిందని మందు కొడతాం. ఆ కొట్టిన మందుతో పిట్ట పిల్లల పప్పన్నం పోతుంది. గట్టిగా నీళ్ళు కొట్టి పేనుబంక దులపండి, అంతవరకు సరిపోతుంది.

సాలెగూళ్ళు కూడా. అన్నాస్ ఇక్కడ డిసెంబర్, జనవరిల్లోనే గూడు మొదలుపెడుతుంది. సరిగ్గా మనం సంక్రాంతికి బూజులు దులిపే రోజులు. పోయిన ఏడాది మా కిటికీ చూరు మూల సాలెగూడు ఉంటే చీపురు తెచ్చాను. అంతలో ఆడపిట్ట వచ్చింది. గాల్లో నిలబడి, ముక్కుతో ఆ దారాన్ని చుట్టుకుంది, తల అటూ ఇటూ ఆడించి తెంపుకుని, గడ్డం కింద పోగుచేసుకుని నిమ్మచెట్టులోకి వెళ్ళింది. చీపురు పక్కన పెట్టేశాను. ఆ దారంతోనే గూడు కట్టింది. అక్రోటు కాయంత గూడు. లోపల మెత్తటి నూగు, బయట నాచు ముక్కల అతుకు. సాలె దారం సాగుతుంది కాబట్టి పిల్లలు పెరుగుతుంటే గూడూ పెరుగుతుంది. తెల్లటి గుడ్లు రెండు, ఒక్కోటి బొబ్బర గింజంత. పొదిగేది, మేపేది అంతా తల్లే, ఆ మెరిసే మగడు ఒక్క రోజు కూడా అటు రాడు. రెండు వారాల పైన పొదిగింది, ఇంకో మూడు వారాలు మేపింది. వానలో రెక్కలు విప్పి గూటి మీద పరిచి కూర్చున్నది, ముక్కు చివర నీటి చుక్క. నేను కిటికీ అవతలే ఉండి చూశాను, ఏమీ చెయ్యలేదు. చెయ్యకూడదు కూడా. ఇంటి బయటి బూజును మటుకు పండక్కి వదిలెయ్యండి. కొమ్మలు కొట్టించే పని ఉంటే గూడు ఉందేమో చూశాకే కొట్టించండి. గుడ్లున్న గూడు తియ్యటం ఇక్కడి చట్టం ప్రకారం నేరం, ఆ చట్టం 1918 నాటిది.

మనుషుల తోటలు ఈ పిట్ట నివసించే పటాన్నే మార్చేశాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అన్నాస్ దక్షిణ కాలిఫోర్నియా, దాని కింద మెక్సికోలోని బాజా వరకే గూళ్ళు పెట్టేది. మనుషులు యూకలిప్టస్ తెచ్చి నాటారు, శీతాకాలంలో కూడా పూసే మొక్కలు పెట్టారు, ఫీడర్లు వేలాడదీశారు. ఇప్పుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూడా చలికాలం గడుపుతోంది. ఊళ్ళకూ, ఫీడర్లకూ ఈ వ్యాప్తితో సంబంధం ఉందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. దాన్ని మంచి అనాలో చెడు అనాలో తొందరపడి చెప్పను. కానీ పిలిచి విస్తరి వేశాక, విస్తరి శుభ్రంగా ఉండాలి కదా.

మొక్కల విషయం. ఈ నేలకు చెందిన మొక్కలు ముందు పెట్టండి. మంజనీటా శీతాకాలంలో, తిండి తక్కువ ఉన్న రోజుల్లో పూస్తుంది. హమ్మింగ్ బర్డ్ సేజ్ నీడలో కూడా వస్తుంది, వసంతంలో పూస్తుంది. కాలిఫోర్నియా ఫ్యూషియా ఆగస్టు దాటాక, అన్నీ ఎండిపోయాక ఎర్రగా పూస్తుంది, నీళ్ళు అడగదు. ఈ మూడూ ఉంటే ఏడాదిలో చాలా భాగం నడిచిపోతుంది. ఎలా ఉంటాయో చూడాలంటే మన ఫ్రీమాంట్‌లోనే కొయొటి హిల్స్ పార్కులో పూల తోట ఉంది, వెళ్ళి ఒక గంట కూర్చోండి. మన మందారానికి కూడా వస్తాయి. మన ఇళ్ళ ముందు కాలవ గట్టున పెరిగే మెట్టతామర కూడా ఈ ఖండానిదే, దానికీ వస్తాయి.

ఇక నా కాశీరత్నం. ఇక్కడ ఒక దుకాణంలో గింజల పాకెట్ మీద ఆ పువ్వు బొమ్మ చూసి గుర్తుపట్టాను. పేరు వేరే ఉంది, సైప్రస్ వైన్ అని. మే నెలలో కంచె పక్కన నాటాను. జులై చివర పూసింది. రోజూ పొద్దున్నే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. నాలుగో రోజు ఆడపిట్ట వచ్చింది. ఒక పువ్వు ముందు నిలబడి ముక్కు గొట్టంలోకి పూర్తిగా దించింది. కత్తి ఒరలో దిగినట్టు సరిగ్గా సరిపోయింది. పువ్వు బయటికి చాచుకున్న తెల్లటి కేసరాలు దాని నుదుటికి తగిలాయి. రెండో పువ్వుకు వెళ్ళింది, మూడోదానికి వెళ్ళింది. తిరిగి నా వైపు చూసేసరికి ముక్కు మొదట్లో తెల్లటి పొడి చుక్క ఉంది. 30 ఏళ్ళు బోర్డు మీద రాసిన ముక్క. అప్పుడు నా పక్కన ఎవరూ లేరు. కాలేజీలో నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. అక్కడ రాత్రి, నిద్రలో నుంచి లేచి మరీ విన్నది.

ఆ తీగ గింజలే ఎండబెట్టి పొట్లాలు కట్టి తెచ్చాను, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఇంటికొకటి తీసుకోండి. చలి పూర్తిగా పోయాక, ఏప్రిల్ చివరో మే నెలలోనో, ఒక రాత్రి నానబెట్టి ఎండ బాగా తగిలే చోట నాటండి. పాకటానికి తాడు కట్టండి. చిన్నపిల్లలు గింజలు నోట్లో పెట్టుకోకుండా చూడండి, తినకూడనివి అవి. టెక్సాస్, జార్జియా వైపు బంధువులకు మాత్రం పంపకండి, అక్కడ ఇది అదుపు లేకుండా పాకుతుంది. వాళ్ళను కోరల్ హనీసకిల్ పెట్టుకోమనండి, అది వాళ్ళ నేలదే.

ప్రశ్నలుంటే అడగండి. వెనక ఆ బాబు ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నాడు, ముందు వాడికి మైకు ఇవ్వండి.